పూలలో పెట్టి ఇచ్చినట్లు

తీసుకున్న అప్పును అడిగించుకోకుండా, గడువుకు ముందే తెచ్చి ముట్టజెప్పిన వానిని గురించి మన పెద్దలు "పూలలో పెట్టి ఇచ్చాడు" అని చెప్పుకొనేవారు. ఆ లావాదేవీలో నిజానికి పువ్వు ఎక్కడా లేదు, ఉన్నవి రూపాయలే. అయినా ఇచ్చిన తీరును మెచ్చుకోవలసి వచ్చినప్పుడు వ్యాపారి నోటికి పువ్వే వచ్చింది. బేరానికీ మర్యాదకూ నడుమ పువ్వు ఉండాలని మన భాష ఏనాడో నిర్ణయించుకొన్నది. ఇటీవలి సంస్థలు దానికి 'కార్పొరేట్ గిఫ్ట్' అని కొత్త పేరు పెట్టుకొన్నాయి, అంతే.

పేరు కొత్తదయిన కొద్దీ పని యాంత్రికమవుతున్నది. ఏ నగరంలోనయినా ఒక సంస్థ వార్షిక సమావేశం ముగిసిన తరువాత ఆ హాలు వెనుక తలుపు వద్ద కాసేపు నిలబడి చూడండి. గంట క్రితం వేదిక మీద చప్పట్ల మధ్య చేతులు మారిన పుష్పగుచ్ఛాలు, భోజనాల పళ్ళేలతో పాటు చెత్తబండి కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. చుట్టిన జిగేలు కాగితాన్ని విప్పినవారు కూడా ఉండరు. ఇచ్చినవారికి ఫొటో దక్కింది. పుచ్చుకొన్నవారికి చేతిలో బరువు తగ్గింది. ఆ పూలను తోటలో పెంచినవారిని తలచుకొంటే మనసు కలుక్కుమంటుంది.

2017 జూన్‌లో కొచ్చిలో పఠన మాసోత్సవాన్ని ప్రారంభిస్తూ ప్రధానమంత్రి పుష్పగుచ్ఛాలకు బదులు పుస్తకాలు ఇచ్చే అలవాటు చేసుకొమ్మని కోరారు. మరుసటి నెలలోనే కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు లేఖ రాసింది: ప్రధాని పర్యటనలలో పుష్పగుచ్ఛాలు వద్దు, ఇవ్వదలచుకొంటే ఒక్క పువ్వు, దానితో ఒక ఖాదీ చేతిరుమాలో పుస్తకమో ఇవ్వవచ్చును అని. అప్పట్లో అందరూ పుస్తకాన్ని గురించే చర్చించుకొన్నారు. నాకు మాత్రం ఆ లేఖలో నచ్చిన మాట 'ఒక్క పువ్వు'. పువ్వు విలువ సంఖ్యలో లేదని ప్రభుత్వ లేఖలో కూడా ఒప్పుకోవడం విశేషమే కదా!

వ్యాపార సంబంధాలలో కానుక ఎప్పుడూ కత్తి మీద సామే. దీపావళికి వచ్చిన వెండి గిన్నెను, జీడిపప్పు పెట్టెను పుచ్చుకొన్న క్షణం నుంచే మనసులో ఒక లెక్క మొదలవుతుంది. దీని ఖరీదెంత? బదులుగా మనమేమి పంపాలి? రేపు టెండరు పిలిచినప్పుడు ఈయన ఏమి అడుగుతాడు? 'పత్రం పుష్పం సమర్పించుకోవడం' అనే పూజాగృహపు మాటకు మన కచేరీలలో ఏ అర్థం పట్టిందో పాఠకులకు విడమరచి చెప్పనక్కరలేదు.

ఆ అర్థాన్ని చట్టాలు కూడా గుర్తించాయి. కేంద్ర ప్రభుత్వోద్యోగుల ప్రవర్తనా నియమావళి 1964 నాటిది. స్నేహితులు, బంధువులు శుభకార్యాలలో ఇచ్చేవి కాక ఇతర సందర్భాలలో వచ్చే కానుకలకు 2019లో పరిమితులు సవరించారు: పై రెండు శ్రేణుల ఉద్యోగులకు 5,000 రూపాయలు, ఆ దిగువ శ్రేణికి 2,000 రూపాయలు, అంతకు మించితే అనుమతి లేనిదే పుచ్చుకోరాదు. మందుల కంపెనీల నుంచి వైద్యులు కానుకలు తీసుకోరాదని 2009 డిసెంబరులో వైద్య మండలి నిషేధించింది. అటువంటి కానుకల ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో తగ్గించుకోవడానికి వీలులేదని 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2017 జులైలో అమలులోకి వచ్చిన వస్తు సేవల పన్ను చట్టం కూడా, బహుమతిగా ఇచ్చివేసిన సరుకు మీద కట్టిన పన్నును సర్దుబాటు చేసుకోనివ్వలేదు. కానుక పేరుతో జరిగే బేరాన్ని అన్ని వైపుల నుంచీ కట్టడి చేయడమే వీటి ఉద్దేశం.

పువ్వుకు ఈ చిక్కు లేదు. దానిని బీరువాలో దాచుకోలేము, మరొకరికి మళ్ళించలేము, అమ్ముకోవడం అసలే కుదరదు. రేపో ఎల్లుండో వాడిపోతుంది. దానితో పాటే పుచ్చుకొన్నవాని మీది ఋణభారమూ వాడిపోతుంది. వెండి గిన్నె పదేళ్ళపాటు 'నన్ను ఫలానావారు ఇచ్చారు' అని చెబుతూ కూర్చుంటుంది. పువ్వు రెండు రోజులు చెప్పి ఊరుకొంటుంది. అందువల్లనే అది నమ్మదగిన కానుక. వాడిపోవడం దాని లోపమని పూల దుకాణాలవారు బాధపడతారు గాని, వ్యాపార మర్యాదలో అదే దాని యోగ్యత.

అయితే ఖరీదు తక్కువ గనుక అపాయం కూడా తక్కువేనని అనుకొంటే పొరపాటు. నంది తిమ్మన పారిజాతాపహరణానికి మూలమయిన కథను ఒక్కసారి ఉద్యోగుల కళ్ళతో చూడండి. నారదుడు తెచ్చినది ఒకే ఒక్క పువ్వు. దానిని కృష్ణుని చేతిలో పెట్టాడు. కృష్ణుడు పక్కనే ఉన్న రుక్మిణికి ఇచ్చాడు. ఆ వార్త సత్యభామ ఇంటికి చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ తరువాత అలక, బుజ్జగింపు, ఇంద్రునితో యుద్ధం. చివరకు ఏకంగా చెట్టునే తెచ్చి పెరట్లో నాటవలసి వచ్చింది. ఇంత ఖర్చూ ఒక్క పువ్వు చేతులు మారడం వల్లనే. మన కార్యాలయాలలోనూ జరిగేది ఇదే. మేనేజరుగారి బల్ల మీద గులాబీల బుట్ట చేరుతుంది. అయిదేళ్ళుగా మీ బిల్లులు ఒక్కరోజు ఆలస్యం కాకుండా పాసు చేసిన గుమాస్తా ఎదురు బల్ల దగ్గర కూర్చుని దానిని చూస్తూ ఉంటాడు. అందుచేత ఒక మనిషికి పంపడం కంటె ఒక విభాగానికి, నలుగురూ వచ్చిపోయే చోట ఉంచేటట్లు పంపడం మేలని నా అభిప్రాయం.

ఇదంతా పుస్తకాలలో చదివి చెబుతున్నది కాదు. పువ్వు చేసే గాయాన్ని నేను కళ్ళారా చూశాను; ఆ గాయానికి ఏర్పాట్లు చేసినవాడినీ నేనే.

సుమారు ముప్పయి ఏళ్ళ క్రితం మాట. వ్యవసాయపు మోటార్లు, పంపుసెట్లు తయారుచేసే ఒక సంస్థ అమ్మకాల విభాగంలో నేను పనిచేస్తూ ఉండేవాడిని. వేసవిలో, బోర్ల పని ముమ్మరంగా సాగే రోజులకు ముందు, ఏటా డీలర్ల సమావేశం జరిపేవారము. ఆ సంవత్సరం స్వాగతపు ఏర్పాట్లు నాకు అప్పగించారు. పెళ్ళివారి స్వాగతం మాదిరిగా ఉండాలని నా ఉబలాటం. గుమ్మంలో బల్ల వేయించి, దాని మీద పన్నీరు బుడ్డి, గంధపు గిన్నె, పటికబెల్లం పళ్ళెం పెట్టించాను. మగవారికి ఒక్కొక్క గులాబీ మొగ్గ, ఆడవారికి మూరెడు మల్లెలు అని నేనే కాగితం మీద రాసి ఇచ్చాను. బల్ల వద్ద కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయిని నిలబెట్టాము.

మా డీలర్లలో ఒక ఆమె ఉండేవారు. భర్త పోయి నాలుగేళ్ళయింది. ఏజెన్సీని ఎవరికయినా అమ్మివేయమని బంధువులు చెప్పినా వినకుండా, తామే గల్లాపెట్టె ముందు కూర్చుని, రెండు జిల్లాలలో మా మోటార్లను అమ్మించిన మనిషి. తోటి డీలర్లు ఆమెను 'అక్కగారు' అనేవారు. ఆమె గుమ్మంలోకి వచ్చారు. అమ్మాయి అలవాటుగా మల్లెల బుట్టలో చేయి పెట్టింది, ముఖం చూసింది, బొట్టు లేని నుదురు చూసింది. చేయి వెనక్కి తీసుకొన్నది. గులాబీ ఇవ్వాలని తోచలేదు. ఎందుకంటే గులాబీ మగవారికి అని నా కాగితంలో ఉన్నది. ఆమె వెనుక పదిమంది డీలర్లు నిలబడి ఉన్నారు. ఆమె పటికబెల్లం పలుకు ఒకటి తీసుకొని లోపలికి వెళ్ళి కూర్చున్నారు.

అమ్మాయిని తప్పు పట్టడానికి లేదు. తన ఇంట్లో చూసినదే చేసింది. ఇచ్చి ఉంటే మాత్రం ఎలా ఉండేదో! ఆ రోజులలో అదీ అవమానమే అయి ఉండవచ్చును. తప్పు ఆ కాగితానిది. ఎవరు వస్తారో ఒక్క నిమిషం ఆలోచించకుండా, ఆడవారు, మగవారు అని రెండు వరుసలు గీసిన నాది.

వారం తరువాత ఆమె దుకాణానికి వెళ్ళాను. ఆమె కాఫీ తెప్పించారు. నేను రెండుసార్లు ఆ ప్రసక్తి తేబోతే, రెండుసార్లూ మోటారు వైండింగు కాలిపోతున్న ఫిర్యాదుల మీదికి మాట మళ్ళించారు. మరుసటి ఏడు నేను జాగ్రత్తపడ్డాను. ఆడా మగా అందరికీ ఒకే రకం గులాబీ అన్నాను. అదే అమ్మాయి అందరికన్నా ముందుగా ఎదురు వెళ్ళి ఆమె చేతికి పువ్వు ఇచ్చింది. ఆమె పుచ్చుకొని, నవ్వి, నెమ్మదిగా, "పువ్వు బాగానే ఉందమ్మా. పోయినేడు వెనక్కి పోయిన నీ చెయ్యే ఇంకా కనబడుతోంది నాకు" అన్నారు. పక్కనే నిలబడిన నాకు ఆ మాట ఎవరికి చెప్పారో తెలిసింది.

ఆమె మా సరుకు అమ్మడం మానలేదు. చెల్లింపులలో ఒక్కరోజు తేడా రాలేదు. కాని అంతకు ముందు ఆమె ఇండెంటు పంపినప్పుడల్లా, ఏ గ్రామాలలో బావులు ఎండాయో, ఎక్కడ మూడు హార్స్‌పవర్ మోటారు చాలక అయిదు అడుగుతున్నారో, పోటీ కంపెనీ మనిషి వచ్చి ఎంత తగ్గింపు చెప్పి వెళ్ళాడో ఒక కాగితం మీద రాసి జతపరిచేవారు. మా కర్మాగారంలో దానిని ఎదురుచూసేవారు. ఆ కాగితం రావడం ఆగిపోయింది. ఒప్పందంలో లేనిది గనుక అడగడానికి కూడా వీలులేదు.

నష్టపు పద్దుకు ఎక్కని ఈ నష్టాన్ని చూసిన తరువాతనే నేను పూలను గురించి తెలుసుకోవడం మొదలుపెట్టాను. తెల్లవారుజామున పూల మార్కెట్టుకు వెళ్ళడం అలవాటయింది. హైదరాబాదులో జాంబాగ్ నుంచి తరలిన గుడిమల్కాపూర్ మార్కెట్టు, గోదావరి జిల్లాలో కడియపులంక, కలకత్తాలో హౌరా వంతెన కింది మల్లిక్ ఘాట్ - ఎక్కడయినా పూల వ్యాపారం ప్రధానంగా సూర్యోదయంతో పోటీపడి సాగేదే. బెంగుళూరులో 2007లో ఏర్పడిన అంతర్జాతీయ పుష్ప వేలం కేంద్రం మరీ చిత్రం. అక్కడ పాట పైకి పోదు. హాలండు పద్ధతిలో ధర పైనుంచి కిందికి దిగుతూ వస్తుంది. ఎవరు ముందు మీట నొక్కితే సరుకు వారిది. కాసేపు ఆగితే చవక. మరీ ఆగితే ఇంకొకరి పాలు. వాడిపోయే సరుకును అమ్మడానికి ఇంతకన్న తగిన పద్ధతి లేదనిపిస్తుంది.

మార్కెట్టువారు చెప్పిన సంగతులు కొన్ని సంస్థలకు పనికివస్తాయి. మల్లెను తెల్లవారక ముందే మొగ్గగా కోస్తారు. అది సాయంత్రానికి విచ్చుతుంది. ఉదయం పది గంటల సమావేశానికి విచ్చిన మల్లెలే కావాలని పట్టుబడితే మీకు అందేవి నిన్నటివి. కనకాంబరానికి వాసన లేదు గాని మాలలో కట్టిన తరువాత త్వరగా వాడదు. లిల్లీ అని మార్కెట్టులో పిలిచే నేలసంపెంగ, గ్లాడియోలస్ - ఈ రెండూ కాడకు కింది నుంచి పైకి ఒక్కొక్క మొగ్గే విచ్చుకొంటూ పోతాయి. మొదటి మొగ్గ విచ్చేటప్పుడు పంపితే పుచ్చుకొన్నవారికి వారం రోజుల వేడుక. ఆర్కిడ్ ఇంకా ఎక్కువ రోజులు నిలుస్తుంది. జెర్బెరా కాడ మెత్తనిది. లోతు నీటిలో ముంచితే కుళ్ళుతుంది. పూలను పండ్లబుట్టతో కలిపి పంపడం చాలామందికి ముచ్చట. కాని పండే పండ్ల నుంచి వెలువడే ఎథిలీన్ అనే వాయువు కార్నేషన్ వంటి పూలను త్వరగా ముడిచివేస్తుంది. పుచ్చుకొన్నవారు చేయవలసిన పని కొంచెమే: కాడల చివరలు ఏటవాలుగా కోసి, నీటిలో మునిగే ఆకులు తీసివేసి, రోజూ నీరు మార్చడం. ఈ మూడు వాక్యాలు ఒక చీటీ మీద రాసి పూలతో పంపిన సంస్థను నేను ఇంతవరకు చూడలేదు. 'శుభాకాంక్షలతో' అన్న అచ్చుకార్డు కంటె అది ఎంత మేలు!

ముహూర్తాల రోజులలో, శ్రావణ శుక్రవారాలలో, దసరాకు, ఫిబ్రవరి 14కు పూల ధరలు మండిపోతాయి. సంస్థలవారు సరిగ్గా ఆ రోజులనే ఎంచుకొంటారు. అందరూ పంపే రోజున మీ బుట్ట పదహారవది. ఏమీ లేని ఒక మంగళవారం నాడు, వాళ్ళ యంత్రం మరమ్మతు రాత్రంతా సాగి తెల్లవారి మొదలయిందని తెలిసి పంపిన నాలుగు కాడలు ఒక్కటే అవుతాయి. తెలుసుకోవడానికే కష్టం; పూలకు కాదు.

ప్రాంతాచారాలను పట్టించుకోకపోతే మంచి ఉద్దేశమూ వికటిస్తుంది. బెంగాలులో రజనీగంధ పెళ్ళి మండపంలోనూ కనబడుతుంది, అంతిమయాత్రలోనూ కనబడుతుంది. సందర్భమే దాని అర్థం. మన ఇళ్ళలో పటానికి దండ వేశామంటే ఆ పటంలోని మనిషి లేడని అర్థం. పదవీ విరమణ సభలో అభిమానంతో ఫొటోకు దండ వేసి సభికులను హడలెత్తించిన వారిని నేను ఎరుగుదును. విదేశాలతో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే మన సంస్థలు ఇంకా కొన్ని తెలుసుకోవాలి. సంక్రాంతి గొబ్బెమ్మకు మనం అలంకరించే చామంతి, ఫ్రాన్సులో నవంబరు 1న సమాధుల మీద ఉంచే పువ్వు. రష్యాలో శుభానికి బేసి సంఖ్య, అశుభానికి సరి సంఖ్య. డజను గులాబీలు అక్కడ మర్యాద కాదు. నూటపదహార్లు చదివించే మనకు సంఖ్యకూ శకునానికీ ఉన్న చుట్టరికం కొత్తదేమీ కాదు గాని, లెక్క మాత్రం తిరగబడింది. జపానులో కొత్త కార్యాలయం తెరిచినప్పుడు, ఎవరికయినా పదవి పెరిగినప్పుడు తెల్లని ఆర్కిడ్ కుండీలు పంపుతారు. పంపినవారి పేరు రాసిన పలక దానికి గుచ్చి ఉంటుంది. కుండీలోని మొక్క వేళ్ళూనుతుంది గనుక సంస్థకు అది శుభం. అదే కుండీని ఆసుపత్రిలోని రోగికి పంపకూడదు. రోగం వేళ్ళూనుతుందని భయం.

ఈ కుండీ మొక్క సంగతి విన్నప్పుడు నాకు మళ్ళీ అక్కగారు గుర్తుకు వచ్చారు. అప్పటికి ఆమె దుకాణాన్ని, కాపురాన్ని బస్టాండు దగ్గరి సొంత భవనంలోకి మార్చుకొంటున్నారు. గృహప్రవేశపు పిలుపు మా సంస్థకు కూడా వచ్చింది. ఈసారి నేను కాగితం మీద ఏమీ రాయలేదు. వెళ్ళడానికి ముందు ఆమె దుకాణంలో ఇరవై ఏళ్ళుగా పనిచేస్తున్న ముసలి మెకానిక్‌ను కలిసి, ఆమెకు ఏ పూలంటే ఇష్టమని అడిగాను. ఆయన నా వంక వింతగా చూసి, "పూలు ఆవిడ పెట్టుకోరు కదండీ" అని, ఒక్క క్షణం ఆగి, "అద్దెంటి పెరట్లో నందివర్ధనం ఉండేదండీ. రోజూ పొద్దున్నే పూజకు కోసుకొనేవారు. కొత్తింట్లో మొక్క లేదని మొన్న అనుకొన్నారు" అన్నాడు.

కడియం నర్సరీ నుంచి నడుం ఎత్తు నందివర్ధనం మొక్క ఒకటి తెప్పించాను. దానికి రంగు కాగితం చుట్టించలేదు. సంస్థ పేరు రాసిన కార్డు తగిలించలేదు. మట్టితడి గోనెతో అలాగే ఆటోలో పెట్టుకొని తీసుకువెళ్ళి, దొడ్డిదారిన గోదాము పక్కన దింపి, లోపలికి వెళ్ళి ఆమెకు చెప్పాను. ఆమె చుట్టాల మధ్య నుంచి లేచి వచ్చి చూశారు. ఆకుల వెనుక రెండు మొగ్గలు ఉన్నాయి. "గొయ్యి ఎవరు తవ్వుతారు?" అని అడిగారు. మెకానిక్ గునపం తెచ్చాడు. నేను మొక్కను పట్టుకొని నిలబడితే ఆమె చెంబుతో నీళ్ళు పోశారు. మల్లెల మాట ఆనాడు కూడా ఎవరమూ ఎత్తలేదు.

ఆ ఏడు వర్షాలు మొగం చాటేశాయి. మోటార్లకు గిరాకీ పెరిగింది. దానివల్లనో, మరి దేనివల్లనో నేను చెప్పలేను. కార్తీకమాసంలో ఆమె వద్ద నుంచి ఇండెంటు వచ్చింది. దానికి గుండుసూదితో ఒక కాగితం జతపరచి ఉన్నది. పదకొండు గ్రామాల పేర్లు, ఒక్కొక్క పేరు ఎదుట బోరులో నీరు ఎన్ని అడుగులు దిగిందో ఆమె చేతిరాతతో రాసి ఉన్నది.